మిరప ఆకు బొమ్మ గీస్తే రైతుకి అర్థం కాలేదు. డ్రాయింగ్ మొదటి నుంచి నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పచ్చాకు:

నమస్తే అందరికీ. నాకు 27 ఏళ్లు, బీఎస్సీ అగ్రికల్చర్ చదివాను, పల్నాడులో రైతుల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం. ఆఫీసులో తెలుగు టైపింగ్ వచ్చింది నాకొక్కదానికే కాబట్టి కరపత్రాలు, గోడపత్రికలు తయారుచేసే పని కూడా నాకే వచ్చింది.

విషయం ఏంటంటే, మిరపలో ఆకు ముడత రెండు రకాలుగా వస్తుంది. త్రిప్స్ అంటారే, ఆ తామర పురుగులు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దొప్పలా ముడుచుకుంటుంది. దాన్ని పై ముడత అంటాం. నల్లి, అంటే మైట్స్, పడితే అంచులు కిందికి వంగి బోర్లించిన పడవలా అవుతుంది, ఆకు కాడ కూడా పొడుగ్గా సాగుతుంది. అది కింది ముడత. రెండింటికీ మందులు వేరు. ఒకదానికి కొట్టాల్సింది ఇంకోదానికి కొడితే డబ్బు పోతుంది తప్ప పురుగు పోదు. 2021-22లో కొత్త రకం నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఎలా తినేసిందో మా వైపు అందరికీ తెలుసు, అప్పుడు ఏ డబ్బా దొరికితే అది కొట్టి అప్పులపాలైన ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి.

అందుకని రెండు ఆకుల బొమ్మలు పెన్సిల్‌తో నేనే గీసి, చక్కగా షేడింగ్ కూడా వేసి, కరపత్రం వెయ్యి కాపీలు వేయించాను. మొదటి ఊళ్లోనే తెలిసిపోయింది. బల్లకి అటువైపు కూర్చున్న ఒక పెద్దాయన కాగితం తిప్పుకోకుండానే పై ముడత బొమ్మ మీద వేలు పెట్టి "ఇది నల్లే కదమ్మా" అన్నాడు. పక్కనున్న ఇద్దరు "రెండూ ఒకే రకంగా ఉన్నాయిగా" అన్నారు. ఇంటికొచ్చి ఏడుపొచ్చింది, ఎందుకంటే వాళ్లు చెప్పింది నిజం.

ఫోటోలు పెట్టి చూశాను. నలుపు తెలుపులో ప్రింట్ చేస్తే అంతా నల్లటి ముద్దలా వస్తోంది, ఏ ఆకు ఎక్కడ మొదలైందో కూడా తెలియట్లేదు. యూట్యూబ్‌లో చూస్తే అందరూ కళ్లు, జుట్టు, హీరోల ముఖాలు ఎలా గీయాలో చెప్తున్నారు, నాకు కావాల్సింది అది కాదు. చూసినవాళ్లకి విషయం తెలిసేలా గీయడం నేర్చుకోవాలి. రోజుకి 40 నిమిషాలు కేటాయించగలను. ఎక్కడ మొదలుపెట్టాలి? ట్యాబ్లెట్ కొనాలా? దీనికోసం కోర్సులో చేరాలా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

నల్లసిరా:

మీ పోస్టు రెండుసార్లు చదివాను. అప్లయిడ్ ఆర్ట్ చదివి పదకొండేళ్లుగా స్కూలు పుస్తకాలకి బొమ్మలు వేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఆ పెద్దాయన సంగతి. ఆయన తప్పు చూడలేదు. వెలుగు పైనుంచి పడుతుందని మన కళ్లు ముందే అనుకుని చూస్తాయి, సూర్యుడైనా ఇంట్లో బల్బైనా పైనే ఉంటుంది కదా. తడి మట్టిలో పాదం గుర్తుని ఏటవాలు ఎండలో ఫోటో తీసి, ఫోన్‌ని తలకిందులు చేసి చూడండి, గుంట కాస్తా ఉబ్బుగా కనిపిస్తుంది. మీరు దొప్పలాంటి ఆకుకి నీడ వేశారు, ఆయన అటువైపు నుంచి చూశాడు, దొప్ప బోర్లా పడింది. అంటే షేడింగ్ ఒక్కదాన్నే నమ్ముకుని పైకా కిందికా అనే విషయం చెప్పబోయారు, కాగితం తిరగగానే అర్థం కూడా తిరిగిపోయింది. కరపత్రాన్ని జనం ఎటునుంచైనా చూస్తారు. కాబట్టి పై ఏదో కింద ఏదో బొమ్మలోనే తెలియాలి. ఆకుని ఒంటరిగా గాల్లో వదలకండి, కొమ్మకి అతికించండి, కొమ్మని మొక్కకి, మొక్కని నేలకి. నేల గీత ఒకటి పడితే కాగితం ఎటు తిప్పినా ఆకు అటు ఇటు కాదు.

ఇక నేర్చుకోవడం. వస్తువుకి అంచు చుట్టూ గీత గీస్తే బొమ్మ అయిపోయిందని అందరం అనుకుంటాం, చిన్నప్పటి నుంచి అలాగే గీశాం మరి. అంచు గీత ఆకారాన్నే చెప్తుంది. వంపు, మందం, ఎటు వాలింది అనేవి చెప్పదు. దానికి బొమ్మ మీద అడ్డంగా పోయే గీతలు కావాలి. మీ చేతికి గాజులున్నాయనుకోండి. చెయ్యి ముందుకి చాపితే గాజు ఒక రకంగా వంగి కనిపిస్తుంది, వెనక్కి తీసుకుంటే ఇంకో రకంగా. నీడ ఒక్క చుక్క కూడా వేయకుండా గాజు గీతలతోనే చెయ్యి గుండ్రంగా ఉందని, ఎటు తిరిగిందని చెప్పొచ్చు. ఆకుకి కూడా ఇలా గాజులు తొడగాలి. పక్క ఈనెలు ఉండనే ఉన్నాయి, దేవుడిచ్చిన గాజులు అవి.

ఒక పాత కాగితాన్ని ఆకు ఆకారంలో కత్తిరించండి, మధ్యలో మడత పెట్టండి, అదే నడిమి ఈనె. అంచులు పైకి లేపి బల్ల మీద పెట్టి, ముందు నడిమి ఈనె ఒక్కటే గీయండి. అది తిన్నగా ఉండదు, గాల్లో వంకర తిరిగిన తీగలా ఉంటుంది. తర్వాత దాని మీద నాలుగైదు చోట్ల అడ్డంగా చిన్న చిన్న గీతలు, పైకి ముడిస్తే గిన్నెలా, కిందికి ముడిస్తే గొడుగులా. వాటి చివర్లు కలుపుకుంటూ పోతే అంచు దానంతటదే వస్తుంది. అంచుని చివర గీశారని గమనించండి. ఈ ఒక్క మార్పుకే మీ ఆకులు రెండూ వేరువేరుగా కనిపిస్తాయి. ఇంకా అనుమానం ఉంటే పక్కనే ఆకుని చాకుతో అడ్డంగా కోసి, కోసిన వైపుని ఎదురుగా పెట్టి చూసినట్టు ఒక కోత బొమ్మ వేయండి, ఒకటి గిన్నె, ఒకటి గొడుగు.

గీతలు వణుకుతున్నాయంటే చాలామంది గీత మీద గీత గీకుతూ పోతారు, వెంట్రుకల్లా. అది మానేయండి. రెండు చుక్కలు పెట్టండి, పెన్సిల్ కాగితానికి తాకకుండా రెండుమూడు సార్లు గాల్లో ఆ దారిన వెళ్లిరండి, తర్వాత ఒక్క ఊపులో గీసేయండి. మణికట్టు నుంచి కాదు, భుజం నుంచి. రోజుకి ఒక ఏ4 కాగితం నిండా ఇదే. తప్పు పడితే రబ్బరు ముట్టుకోకండి, పక్కన ఇంకోటి గీయండి.

ట్యాబ్లెట్ ఇప్పుడు వద్దు. 500 కాగితాల ఏ4 కట్ట ఒకటి, హెచ్‌బీ, 4బీ పెన్సిళ్లు, రెండు నల్ల పెన్నులు, ఒకటి సన్నది ఒకటి మందంది, చాలు. తర్వాత కంప్యూటర్లో చేయాలంటే క్రిటా, ఇంక్‌స్కేప్ ఉచితంగానే దొరుకుతాయి. డిగ్రీ కావాలనుకుంటే హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ అనే ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, కానీ అక్కడిది నాలుగేళ్ల బీఎఫ్‌ఏ డిగ్రీ. మీ పని ఆ చదువు కోసం ఆగాల్సిన అవసరం లేదు.

ప్రింటింగ్ గురించి ఒక మాట. మెత్తటి పెన్సిల్ షేడింగ్ చవక కాగితం మీద బతకదు, జిరాక్సులో అయితే అసలే రాదు. తుది బొమ్మ నల్ల సిరాతోనే వేయండి. అచ్చయ్యే సైజుకి రెట్టింపులో గీసి తగ్గిస్తే చేతి వణుకు కనిపించదు, కానీ 0.3 మిల్లీమీటర్ల పెన్నుతో గీసింది సగానికి తగ్గాక మాయమైపోతుంది, అందుకని పెద్ద సైజులో గీసేటప్పుడు గీత మందంగానే ఉంచాలి. బయటి అంచు లావు, లోపలి ఈనెలు సన్నం. ఈ తేడా ఉంటే దూరం నుంచి కూడా ఆకు విడిగా కనిపిస్తుంది.

చిలకలూరిపేట కెమెరా:

ఇంత కష్టం ఎందుకండీ? ఫోన్లో మంచి ఫోటో తీసి, దాని మీద పల్చటి కాగితం పెట్టి ట్రేస్ చేస్తే అయిపోతుంది. పది నిమిషాల పని. నేను పెళ్లి కార్డుల డిజైన్‌లకి అలాగే చేస్తాను, ఎవరూ ఏమీ అనలేదు.

నల్లసిరా:

ట్రేస్ చేయడం తప్పేమీ కాదు అన్నా, గడువు దగ్గరపడితే నేనూ చేస్తాను. కానీ ఫోటోలో అన్నీ ఉంటాయి, పుచ్చిన మచ్చ, వెనకాల ఇంకో ఆకు, మట్టి మరక. ఏది ఉంచాలో ఏది వదిలేయాలో ట్రేసింగ్ కాగితం చెప్పదు. ఆకు వంపు తెలిసినవాళ్లు ట్రేస్ చేస్తే ఆ గీతలో వంపు ఉంటుంది, తెలియకుండా చేస్తే చదునుగా పడుంటుంది. అదీకాక ఆమెకి రేపు స్ప్రేయర్ పట్టుకున్న మనిషి బొమ్మ కావాలి, ఎల్లుండి కాలువ గట్టు కావాలి. ప్రతిదానికీ ఫోటో దొరకదు.

సుద్దముక్క:

అమ్మా, నేను 31 ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను, శ్రీకాకుళం జిల్లా. పై తమ్ముడు చెప్పినవన్నీ సరైనవే. దానికి ముందు చేయాల్సింది ఒకటుంది, అది చెప్తాను.

ఇంట్లో స్టీలు గ్లాసు ఒకటి తీసి బల్ల మీద పెట్టి గీయి. నూటికి తొంభైమంది పిల్లలు పైన మూతిని గుండ్రంగా గీసి, అడుగున తిన్నటి గీత గీస్తారు. ఎందుకలా గీశావురా అంటే బల్ల చదునుగా ఉంది కదండీ అంటారు. వాడు గ్లాసుని చూడలేదు, బల్ల చదును అని తనకి తెలిసిన సంగతి గీశాడు. ఇప్పుడు నువ్వు గ్లాసుని కంటికి సరిగ్గా ఎదురుగా పట్టుకో, మూతి ఒట్టి గీతలా ఉంటుంది. మెల్లగా కిందికి దించు, ఆ గీత విచ్చుకుంటూ గుండ్రం అవుతుంది. అంటే కంటికి ఎంత కిందికి పోతే అంత గుండ్రం. మరి గ్లాసు అడుగు మూతికంటే ఇంకా కిందనే కదా ఉంది? కాబట్టి అడుగు వంపు మూతి వంపు కంటే ఎక్కువ ఉండాలి, తక్కువ కాదు. ఈ ఒక్క గ్లాసు మీద నా పిల్లల్ని నెలరోజులు కూర్చోబెట్టేవాణ్ని. విసుక్కునేవాళ్లు. కానీ గ్లాసు వచ్చినవాడికి బావి వస్తుంది, బండి చక్రం వస్తుంది, కుండ వస్తుంది, తలకి చుట్టిన తువ్వాలు కూడా వస్తుంది. ఆ నొక్కిన గుండ్రానికి రెండు చివరలా మొనలు రాకూడదు సుమా, అక్కడ కూడా గీత తిరగాలి.

కొలత పట్టడం కూడా నేర్చుకో. చెయ్యి పూర్తిగా చాపి, మోచెయ్యి వంచకుండా, పెన్సిల్ అడ్డంగా పట్టుకుని ఒక కన్ను మూసి, గ్లాసు వెడల్పు బొటనవేలితో గుర్తు పెట్టుకుని, పెన్సిల్‌ని నిలువుగా తిప్పి, అది ఎత్తులో ఎన్నిసార్లు పడుతుందో చూడు. మా రోజుల్లో లోయర్ గ్రేడు డ్రాయింగ్ పరీక్షకి ఇలాగే తయారయ్యేవాళ్లం.

మా జిల్లాలో పుట్టిన వడ్డాది పాపయ్య గారి రంగుల బొమ్మలు చందమామ అట్టల మీద చూస్తూ పెరిగినవాణ్ని. పక్కన బాపు గారి గీత బొమ్మ పెట్టుకుని చూసేవాణ్ని. ఒకాయన రంగుల్లో వెలుగంతా చూపిస్తే, ఒకాయన నాలుగు గీతల్లో మనిషి కోపంగా ఉన్నాడో సిగ్గుపడుతున్నాడో చెప్పేసేవారు. నీ పనికి రెండో దారి దగ్గర. బాపు గారి బొమ్మ ఒకటి ఎదురుగా పెట్టుకుని, ఆయన ఏం గీయకుండా వదిలేశారో ఒక కాగితం మీద రాయి. గీసినవాటి కంటే ఆ జాబితా పొడుగ్గా ఉంటుంది.

పీహెచ్‌సీ సిస్టర్:

నేను ఆర్టిస్టుని కాదు, ఖమ్మం జిల్లాలో నర్సుని. కానీ బొమ్మలు చూపించి చెప్పడమే మా పని కాబట్టి రాస్తున్నా.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేనప్పుడు ఇంట్లో ఎలా కలపాలో చెప్పే బొమ్మ ఒకటి మేమే వేసుకున్నాం. లీటరు నీళ్లు, ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలన్నీ అంచుకు సమంగా ఉండాలి, గుట్టగా పోయకూడదు. మొదటిసారి చెంచాని పైనుంచి చూసినట్టు వేశాం, బాగానే ఉందనుకున్నాం. పైనుంచి చూస్తే సమంగా ఉందో గుట్టగా ఉందో ఎలా తెలుస్తుంది చెప్పండి? ఒకామె ఉప్పు గుట్టగా పోసి కలిపి చూపించింది. ఉప్పు ఎక్కువైతే పిల్లాడికి ప్రమాదం, నాకు గుండె జారిపోయింది. తర్వాత పక్కనుంచి చూసినట్టు వేశాం, చెంచా అంచు మీద పంచదార చదునుగా. ఆరు చెంచాలని "6" అంకె వేయకుండా ఆరు చెంచాలూ విడివిడిగా వేశాం. ఒకటే పెద్ద చెంచా వేస్తే పెద్ద చెంచాతో పోయమన్నారేమో అనుకుంటారు.

ఇంకో సంగతి, వద్దు అని చెప్పడానికి ఇంటూ గుర్తు పెడతాం కదా, అందరికీ అది వద్దు అని తెలియదు. కొందరు దాన్ని బొమ్మలో ఒక భాగం అనుకుంటారు. బాణం గుర్తు కూడా అంతే.

బొమ్మ చూపించాక "అర్థమైందా అమ్మా" అని మాత్రం అడగొద్దు, మన మొహం చూసి అయిందనే అంటారు. "ఇందులో మీకేం కనిపిస్తోంది, చెప్పండి" అని అడిగి, మీరు నోరు మూసుకుని వినాలి. అది చాలా కష్టం, మధ్యలో దూరి చెప్పేయాలనిపిస్తుంది. వెయ్యి కాపీలు వేయించే ముందు ఒక్క జిరాక్సు పట్టుకుని అయిదారుగురిని అడగండి, పది రూపాయలతో పోతుంది.

నల్లసిరా:

సిస్టర్ గారు చెప్పిన ఆరు చెంచాల పద్ధతినే 1920లలో వియన్నాలో ఓటో న్యూరాత్ అనే ఆయన గట్టిగా పట్టుకున్నాడు. ఎక్కువ అని చెప్పాలంటే బొమ్మని పెద్దది చేయొద్దు, అదే బొమ్మని ఎక్కువసార్లు వేయి అన్నాడు. బొమ్మ ఎత్తు రెట్టింపు చేస్తే వెడల్పు కూడా పెరిగి నాలుగింతలు కనిపిస్తుంది, చూసినవాడు మోసపోతాడు. మన దగ్గర 1951-52 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దాని మీద గుర్తు అంటించేవారు, చదువు రానివాళ్లు ఆ గుర్తు చూసే ఓటు వేశారు. ఎన్నికల గుర్తులు ఒకసారి ఈ కంటితో చూడండి పచ్చాకు గారూ. సైకిలైనా ఫ్యానైనా ఏ వైపు నుంచి చూస్తే చప్పున గుర్తుపడతామో ఆ వైపు నుంచే గీసి ఉంటాయి. సైకిల్‌ని ఎదురుగా నిలబడి గీస్తే ఒక నిలువు గీత, దానికి హ్యాండిలు, అంతే కదా. మీ ఆకుకి ఏ వైపు సరైనదో వెతకడానికి అగ్గిపెట్టె సైజు గడులు పన్నెండు గీసుకుని ఒక్కోదాంట్లో ఒక్కో వైపు నుంచి గబగబా వేసి చూడండి. మంచి బొమ్మ సాధారణంగా మొదటి మూడింట్లో ఉండదు.

పచ్చాకు:

నెల తర్వాత రాస్తున్నా, క్షమించండి, కోతల హడావిడిలో ఉన్నాం.

మాస్టారూ, గ్లాసు 43 సార్లు గీశాను. ఇరవయ్యో గ్లాసు దాకా అడుగు చదునుగానే వచ్చింది, తెలిసి కూడా చెయ్యి అలాగే పోతోంది. తర్వాత ఒకరోజు టీ తాగుతూ గ్లాసు అడుగు వంపు కళ్లకి కనిపించింది, అప్పటిదాకా నిజంగా చూడలేదని తెలిసింది. కాగితం ఆకు ఇంకా నా టేబుల్ మీదే ఉంది.

కొత్త బొమ్మలో నేల గీత, మొక్క, చివర కొమ్మ వేసి, ఒక్క ఆకుని మాత్రం లావు గీతతో పెద్దగా చూపించాను, పక్కన కోత బొమ్మ. కింది ముడతకి కాడ పొడుగ్గా సాగినట్టు వేశాను. ఇది మొదటి కరపత్రంలో అసలు వేయనేలేదు, నాకు తెలిసిన విషయమే అయినా ఆకు అందంగా రావాలన్న ధ్యాసలో వదిలేశాను. జిరాక్సు పట్టుకుని టీ కొట్టు దగ్గర ఏడుగురికి చూపించాను. సిస్టర్ గారూ, నోరు మూసుకునే ఉన్నాను. అయిదుగురు తేడా చెప్పారు, ఒకాయనైతే తన చేలో నుంచి ఆకు తెచ్చి బొమ్మ పక్కన పెట్టి చూశాడు. మిగతా ఇద్దరికీ కోత బొమ్మ అర్థం కాలేదు, అది వేరే పురుగనుకున్నారు. దాన్ని తీసేయాలా, లేక ఆకు మీద చాకు పెట్టినట్టు చూపించాలా అని ఆలోచిస్తున్నా.

ఇప్పుడు కొత్త చిక్కు. తామర పురుగు ఒక మిల్లీమీటరు ఉంటుంది. దాన్ని గుండ్రంలో పెద్దగా వేస్తే, "ఇంత పురుగు మా చేలో లేదు" అన్నాడు ఒకాయన. అందుకని చిగురుని తెల్ల కాగితం మీద తట్టితే సన్నటి నలకల్లా రాలి పాకుతాయి కదా, అది వేద్దామనుకుంటున్నా, రైతు చేత్తో తట్టి చూసుకోవచ్చు. దానికి చెయ్యి గీయాలి. నాలుగు రోజులుగా నా ఎడమ చెయ్యే గీస్తున్నా, వేళ్లు కాస్త వస్తున్నాయి, బొటనవేలు మాత్రం అతికించినట్టు ఉంటోంది. ఎవరైనా చెప్పండి.

సుద్దముక్క:

43 గ్లాసులు గీశానన్నావు, చాలా సంతోషం తల్లీ.

బొటనవేలు మిగతా నాలుగు వేళ్లతో ఒకే వరసలో ఉండదు, వాటికి పక్కకి తిరిగి ఉంటుంది. నీ చెయ్యి బల్ల మీద వదులుగా పెట్టి చూడు, నాలుగు గోళ్లు పైకి కనిపిస్తే బొటనవేలి గోరు పక్కకి చూస్తుంది. ముందు వేళ్లు గీయకు. అరచేతిని ఒక మందపాటి పలక అనుకుని గీయి, మణికట్టు దగ్గర దాని పక్కన ఒక కండ ముద్ద పెట్టు, బొటనవేలు ఆ ముద్దలోంచి పుడుతుంది. నాలుగు వేళ్లనీ కలిపి ఒకటే ముక్కగా గీసి చివర్లో విడదీయి. ఫోన్‌తో ఫోటో తీసి ఇక్కడ పెట్టు, ఎక్కడ అతికినట్టుందో గీత వేసి చూపిస్తాను.